సాంబ్రాణి పొగేసిన బండి

మేళ్లచెరువు,
ఫిబ్రవరి 2022

మహబూబ్‌నగర్‌ల ఉండే మా బావ పరశురాములుకు, బామ్మర్ది ఐలేశం రాసేది:

క్షేమమా అని అడుగుత లేను. అడిగితే క్షేమమే అని అబద్ధం రాస్తవు.

నోటితోటి నీతో మాట్లాడనని బీరప్ప మీద ఒట్టు పెట్టుకున్న. నువ్వూ పెట్టుకున్నవు. బైపాసు కాడి ఆ పాత బండ్ల దుకాణంల, పదిమంది చూస్తుంటే, ఇద్దరం పొట్టేళ్ల లెక్క ఢీకొని మరీ పెట్టుకున్నం. ఒట్టు తప్పితే మందకు కీడు. అందుకే ఫోను పక్కకు పెట్టి కాయితం పట్టిన. "మాట్లాడొద్దని ఒట్టు గని రాయొద్దని కాదు గదరా" అని మా అక్కనే ఉపాయం చెప్పింది. ఏడో తరగతిల ఆపిన చదువు నీకోసం మళ్ల మొదలువెట్టిన. తప్పులుంటే మీ ఆఫీసు ఎర్రసిరా తోని దిద్దుకో.

ఇప్పుడు చెప్పు. నన్నెందుకు పిలిచినవ్? "ఐలేశం, నువ్వు సిమెంటు లారీలు నడిపినోనివి, నా బిడ్డ నాగరాణికి కారు కొంటున్న, జర వచ్చి చూడు" అంటేనే కద వచ్చిన. మంద ఇంకొకరి మీద ఇడిచిపెట్టి, బస్సులు మారి వచ్చిన. కారు డోరు తెరవంగనే లోపటికెల్లి గుప్పున సాంబ్రాణి వాసన. నువ్వు కండ్లు మూసుకొని "ఆహా, దేవుని బండి లెక్కున్నది" అన్నవు. ఆ దుకాణపోడు చేతులు జోడిచ్చి "పొద్దున లేస్తే ప్రతి బండికి ధూపమేస్త సార్" అన్నడు. సార్ అన్నడు! ఆ ఒక్క ముక్కకు నీ అంగీ గుండీలు తెగుతయేమో అనుకున్న.

నేనేమన్న? "బావా, ఈ బండి నీళ్లు తాగింది" అన్న. గంతే. నువ్వేమన్నవు? "వీడు నవ్వులోడు సేటూ, వీని మాట లెక్కవెట్టకు" అన్నవు. సేటు నవ్విండు. వాని కాడ బండ్లు తుడిచేటోళ్లు నవ్విండ్రు. నువ్వు గూడ నవ్వినవు.

గొర్లోళ్ల ఇంట్ల పుట్టినవ్ బావా. ఆఫీసు కుర్చీల కూసుంటే అది మర్చిపోయినవా? మందల రోగమొస్తే మనం ఏం చేస్తం? వేపాకు కాలవెట్టి, సాంబ్రాణి చల్లి పొగేస్తం. కుళ్లు వాసన పోనీకి, ఈగలు పోనీకి. బాగున్న మందకు ఎవడన్న పొగేస్తడా? పొగ చూసి మొక్కుతవా, పొగ చూసి ఉర్కుతవా?

నిరుడు కాదు ముందటేడు వానలకు పట్నంల కార్లు పడవల లెక్క తేలినయని టీవీల చూసి నాకు చెప్పింది నువ్వే. ఆ కార్లు యాడికి పోయినయనుకున్నవ్? కైలాసానికా? కడిగి, ఆరవెట్టి, పొగేసి, మనలాంటోళ్ల ఊర్లకు తోలుతరు.

ఒక్క పని చెయ్యి. ఎనుక సీటు బెల్టు ఉన్నది కద, దాన్ని కొసదాక గుంజు. సీట్లు కడుగుతరు, కింద పరుపు మారుస్తరు, గని బెల్టు కొస ఎవ్వడూ కడగడు. ఆడ బురద చార కనబడకుంటే నా మీసం తీసి కవర్ల పెట్టి పంపుత.

నాగరాణి ఆ బండి ఎక్కకముందే గుంజి చూడు.

నీ నవ్వులోడు,
ఐలేశం


మహబూబ్‌నగర్,
మార్చి 2022

చిరంజీవి ఐలేశంకు,

విషయము: నీ అనుచిత ప్రేలాపనల గురించి.
సూచిక: గత మాసపు నీ ఉత్తరము.

పై విషయమును పురస్కరించుకొని తెలియజేయునది ఏమనగా, నీ ఉత్తరము అందినది. దుకాణములో నా పరువు తీసినది చాలక తపాలా ద్వారా కూడా తీయదలచితివి. నీవు కవరు మీద "బండి కొన్న బావగారికి" అని రాసినందున పోస్టుమాన్ నన్ను మిఠాయి అడిగినాడు.

నిన్ను నవ్వులోడు అనుటలో నా తప్పేమి? నా వివాహ దినమున మీ గడప ముందు నన్ను నిలబెట్టి, "మా ఊరి ఆచారం బావా, పెండ్లికొడుకు గడప దాటేముందు గొర్రె లెక్క మూడుసార్లు అరవాలె" అంటివి. బాసింగము కట్టుకొని, అరిచితిని. మీ ఊరు ఊరంతా నేలబడి నవ్వినది. నేటికీ అక్కడ నన్ను "మ్యా బావ" అనే పిలుచుచున్నారు. మరియొకసారి, కలెక్టరు మన మందను చూడ వస్తున్నాడని చెప్పి ఇస్త్రీ చొక్కాతో గొర్రెల నడుమ మధ్యాహ్నము వరకు నిలబెట్టితివి. వచ్చినది కలెక్టరు కాదు, ఉన్ని కొనువాడు.

ఇట్టి మనిషి "బండి నీళ్లు తాగింది" అన్నచో ఏ బుద్ధిమంతుడు నమ్మును?

బండి వెండి రంగు. టైర్లు కొత్తవి. మీటరు చూడగా బహు తక్కువ తిరిగినది. నిమ్మకాయలు తొక్కించితిమి, ఆఫీసులో అందరికీ మిఠాయి పంచితిమి. నాగరాణి రోజూ నారాయణపేట అవతల తన దవాఖాన డ్యూటీకి రెండు బస్సులు మారి పోవు కర్మ తీరినది. మనుమరాలు ప్రణీతను వెనుక సీటులో కూర్చుండబెట్టుకొని, దారిలో బడి దగ్గర దింపి, దర్జాగా పోవుచున్నది. నర్సమ్మ కారు వచ్చిందని అక్కడి వారు లేచి నిలబడుచున్నారట.

కావున సీటు బెల్టు లాగను. లాగవలసిన అవసరము కనబడలేదు.

ఇట్లు,
పరశురాములు


మేళ్లచెరువు,
ఏప్రిల్ 2022

బావా,

నీ ఉత్తరం ఇప్పి చెప్పనీకి ఊర్ల పంతులును పిలవాల్సొచ్చింది. "పురస్కరించుకొని" అంటే ఏంది సార్ అంటే ఆయన గూడ తల గోక్కున్నడు. మా అక్కతోటి గూడ గిట్లనే మాట్లాడుతవా? "గుర్వమ్మకు తెలియజేయునది ఏమనగా, కూరలో ఉప్పు లేదు"?

మీటరు తక్కువ తిరిగిందా? మీటరు ఎనుకకు తిప్పేటోళ్లు ఉన్నరు బావా. లారీ యార్డు కాడ చాయ్ తాగినంతసేపట్ల తిప్పుతరు. గొర్రె వయసు పండ్లు చూసి చెప్తం గని అమ్మేటోని మాట ఇని చెప్తమా? బండికి పండ్లు యాడుంటయో తెల్సా? కాళ్ల కింద. బ్రేకు పెడలు మీది రబ్బరు చూడు. నేను చూసిన. అరిగి అద్దం లెక్క నున్నగైంది. తక్కువ తిరిగిన బండికి గట్ల అరుగుతదా? మీటరు అబద్ధమాడుతది గని మనిషి కాలు ఆడదు.

మనం పోయేసరికి వాడు ఇంజను లేపి పెట్టిండు, యాదికున్నదా? నేను బానెట్ మీద చెయ్యి పెడితే చుర్రుమన్నది. పాత బండి చూడవోతే ఇంజను సల్లగున్నప్పుడు చూడాలె. సల్లటి ఇంజను ఎట్ల లేస్తది, ఎంత దగ్గుతది, ఏ రంగు పొగ ఇడుస్తది, అండ్లనే దాని జాతకమంత ఉంటది. ముందుగాలే లేపి పెట్టిండంటే దగ్గు దాచిండన్నట్టు. డిక్కీల స్టెప్నీ టైరు లేపి చూస్తనంటే "తాళం దొరుకుత లేదు సార్" అన్నడు. టైరు కింద గుంతల నీళ్లు నిలుస్తయి బావా. ఆడ తుప్పు ఉంటది, పట్నం బురద ఉంటది. బండి నంబరు పట్టుకొని షోరూముకు పోయినా ఎప్పుడు ఏం రిపేరు చేసిండ్రో చెప్తరు. అదన్న చేస్తివా? లేదు. నిమ్మకాయలు తొక్కిచ్చినవ్.

నీళ్లు తాగిన బండి ఒక్కనాడు సావదు. అదే దాని మాయ. ముందు మంచిగనే ఉరుకుతది. లోపట వైర్లల్ల తుప్పు చెదలు లెక్క తింటనే ఉంటది. అద్దాలు కరెంటు మీద, తాళాలు కరెంటు మీద, స్టీరింగు గూడ కరెంటు మీదనే. ఏనాడు ఏది ఒదిలేస్తదో దానికే తెల్వదు.

నన్ను నవ్వులోడు అను, పోకిరి అను, పడుత. నీ పెండ్లిల నేను చేసిన తమాషకు నాకేం సిగ్గు లేదు, ఇప్పుడు యాదికొచ్చినా నవ్వుతనే ఉన్న. అరవమంటే అరిచినవ్, తప్పు నీదే. గని నాగరాణి నా మేనకోడలు. నా భుజం మీద కూసొని మంద కాసిన పిల్ల. దాని సంగతిల నేనెప్పుడన్న నవ్వులాట ఆడిన్నా? ఒక్కటి చెప్పు. ఒక్కటి చూపియ్యి.

బెల్టు గుంజు.

ఐలేశం


మహబూబ్‌నగర్,
మే 2022

ఐలేశంకు,

విషయము: బండి బాగోగులు.

బండి బంగారము వలె ఉన్నది. దారిలో రాయి తగిలి వెనుక అద్దము ఒకటి పగిలినది. అట్టివి ఎవరి బండికైనా జరుగును. కొత్త అద్దము వేయించితిని.

ఎండలు అధికముగా ఉన్నందున నాగరాణి కొన్ని దినములుగా బస్సులోనే పోవుచున్నది. ఇందులో విశేషమేమియు లేదు. ప్రణీతకు జ్వరము వచ్చి తగ్గినది.

గుర్వమ్మతో నీవు బండి గురించి ఫోనులో చర్చించరాదని ఇందుమూలముగా తెలియజేయడమైనది.

పరశురాములు


మేళ్లచెరువు,
జూన్ 2022

బావా,

రాయి తగిలిందా?

ఆ రాయికి ఖాకీ అంగీ ఉన్నదా? ఆ రాయి చేతిల సుత్తె ఉన్నదా? ఆ రాయి ఇంకో చేత్తోని ఎర్రజెండా పట్టుకొని పట్టాల మీద ఉరికిందా?

అక్క ఫోన్ చేసింది. చెప్పొద్దన్నవట. మూడు వారాలు కడుపుల పెట్టుకొని, ఇగ వశం గాక చెప్పింది. ఏడ్చుకుంట చెప్పింది. నేను గట్టు మీద నిలబడి ఇన్న. గొర్లు పక్కోని చేన్ల పడ్డయి, ఆయన తిడుతుంటే గూడ మళ్లియ్యలే.

రైలు గేటు కాడ బండి ఆగింది. గేటు అవతల కాదు, ఇవతల కాదు, పట్టాల నడుమ. ఇంజను బంద్. స్టీరింగు రాయి లెక్క బిగుసుకున్నది. తాళాలు వాటంతటవే పడ్డయి. నాగరాణి గుండీ ఒత్తితే అద్దం దిగలే, డోరు లాగితే రాలే. ఎనుక సీట్ల పసిపిల్ల. గేటు ఏసే యాళ. ఆ గేటాయన చూసిండు గనుక, ఎర్రజెండ ఎత్తి ఉరికిండు గనుక, ఎనుక అద్దం పగులగొట్టి పిల్లను గుంజిండు గనుక, నాగరాణి ముందు సీటు కెల్లి ఎనుకకు పాకి అదే అద్దంల కెల్లి బయటవడ్డది గనుక, ఇయ్యాల నువ్వు "విషయము: బండి బాగోగులు" అని రాస్తున్నవు. పిల్లకు జ్వరం ఎందుకొచ్చింది బావా? ఎండకా?

ఆ గేటాయన పేరన్న అడిగినవా? నేను అడిగిచ్చిన. సతీశ్ అట. ఆయనకు మిఠాయి పంచినవా? బండి కొన్ననాడు ఆఫీసు ఆఫీసంత పంచితివి.

నీ ఉత్తరాలన్ని మళ్ల చదివిన. "లాగవలసిన అవసరము కనబడలేదు." ఆ ఒక్క ముక్క ఇంకోసారి నాకు రాయి చూస్త. గుంజితే ఏం పోతుండె? చేతికి నొప్పి లేస్తుండెనా? దుకాణపోడు సార్ అన్నడని పాలమూరంత నిన్ను సార్ అనుకుంటున్నదా?

నోటితోటి తిట్టనీకి ఒట్టు అడ్డమొచ్చింది గని లేకుంటే నా తిట్లకు మీ గోడ మీది సున్నం రాలుతుండె.

ఐలేశం


మహబూబ్‌నగర్,
జులై 2022

ఐలేశం,

విషయము: ముగింపు.

నీ ఉత్తరము చదివితిని. రెండుసార్లు చదివితిని. తిట్టవలసినన్ని తిట్టినావు. నాగరాణి నాతో మాట్లాడుట లేదు. ప్రణీత కారు చప్పుడు వింటే అమ్మమ్మ కొంగులో దూరుచున్నది.

బండిని ఇక ఇంటి ముందు చూడలేను. అమ్మివేయుచున్నాను. కొనువాడు బెంజమిన్ అని మా వీధి చివర చర్చి పక్కన ఉండును, ట్రాక్టరు నడుపును. అతని భార్య గ్రేస్‌కు నెలలు నిండుచున్నవి. రాత్రి వేళ నొప్పులు వస్తే దవాఖానకు పోవుటకు తమకంటూ బండి ఉండాలని అతని ఆశ. మంచివాడు, నెమ్మదస్తుడు. నీవలె లొల్లి చేయువాడు కాదు.

మెకానిక్ వైర్లు మార్చినాడు. ప్రస్తుతము బండి నడుచుచున్నది. బెంజమిన్ నన్ను ఏమీ అడుగలేదు. నేను ఏమీ చెప్పలేదు. అడగనిది చెప్పవలెనని ఏ నిబంధనలోనూ లేదు.

దీనితో ఈ సంగతి ముగిసినదిగా భావించగలవు.

పరశురాములు


మేళ్లచెరువు,
జులై 2022

పరశురాములూ,

బావ అని రాయ చెయ్యొస్తలేదు.

నిబంధన కావాల్నా నీకు? నీ ఆఫీసు అల్మారల దొరకదు. మీ బాపు నోట్ల ఉండె. గొర్రెల సంతల నేను చిన్నోన్ని, ఆయన పక్కన నిలబడి నా చెవులార ఇన్న. బేరం కుదిరింది, కొనేటోడు తాడు పట్టుకోనీకి చెయ్యి చాపిండు. మీ బాపు తాడు ఇయ్యలే. గొర్రె వీపు మీద చెయ్యి పెట్టి, నలుగురు ఇనేటట్టు "దీనికి కుడికన్ను కనవడది" అన్నడు. "అడగకముందే ఎందుకు చెప్పినవ్ మామా, వాడు ధర తగ్గిచ్చె కద" అని నేనంటే ఏమన్నడు? "తాడు చేతులు మారకముందే తప్పు నోరు దాటాలెరా. దాటకపోతే అది మన మందల్నే ఉంటది" అన్నడు. మనోళ్లల్ల తప్పు చెప్పకుండ జీవాన్ని అమ్మినోడు ఉన్నడా? ఉంటే వానితోని పొత్తు కలిపినోడు ఉన్నడా?

నువ్వు మోసపోయినవు. అది నీ తెలివితక్కువతనం. దానికి నిన్ను తిట్టిన, కొన్నేండ్లు పోతే నవ్వుకుందుము గూడ. ఇప్పుడు మోసం చేస్తున్నవు. పుట్టి బుద్ధెరిగినంక నాకు నవ్వు రానిది ఇదొక్కటే.

నీ బిడ్డ పగటిపూట, పది మంది తిరిగే తొవ్వల ఇరుక్కుంటే సతీశ్ ఉండె. నొప్పులు పడుకుంట ఆ పిల్ల అర్ధరాత్రి అండ్ల ఇరుక్కుంటే ఎవడుంటడు? ఎనుక సీట్ల పండవెట్టి తాళాలు పడితే? చెప్పు, నిబంధన చూసి చెప్పు. ఆ సేటుకు నీకు ఏం తేడా? వాడు తెల్వనోన్ని ముంచిండు. నువ్వు నీ వీధోన్ని ముంచుతున్నవ్.

బెంజమిన్‌కు నేను ఫోన్ చేసి చెప్తును. గని నవ్వులోడు ఏదో తమాష చేస్తున్నడని నువ్వే అంటవు. అందుకే నువ్వే చెప్పాలె. నీ నోరు దాటాలె.

చెప్పకపోతే ఇదే నా ఆఖరి కాయితం. నోరు ఎట్లాగూ బంద్, ఇగ కలం గూడ బంద్. మా అక్కకు తమ్ముడు ఉంటడు. నీకు బామ్మర్ది ఉండడు.

ఐలేశం


మహబూబ్‌నగర్,
ఆగస్టు 2022

ఐలేశం,

ఈసారి విషయం, సూచిక ఏం లేవు. గట్ల రాయనీకి చేతనైత లేదు.

ఆదివారం ప్రార్థన అయినంక బెంజమిన్ వచ్చిండు, గ్రేస్‌ను తోలుకొని. వాళ్లు రాకముందు నేనేం చేసిన్నో మీ అక్క ఒక్కతే చూసింది. దేవుని అర్ర కెల్లి ధూపం గిన్నె ఎత్తుకపోయి కార్ల పెట్టిన. అద్దాలు మూసిన. రైలు గేటు కాన్నుంచి అండ్ల కెల్లి కుళ్లు వాసన వస్తనే ఉండె, ఎన్నిసార్లు కడిగినా పోకపాయె. మీ అక్క దర్వాజ కాడ నిలబడి నన్ను చూసింది.

గ్రేస్ డోరు తెరిచింది. నిండుగ ఊపిరి పీల్చింది. "మంచిగొస్తాంది వాసన. దేవుని బండి లెక్కుంది గదా" అన్నది మొగనితోటి.

నా మాటే ఐలేశం. అచ్చం నా మాటే.

ఏమైందో నాకు తెల్వదు. ఎనుక డోరు తెరిచిన, బెల్టు పట్టుకొని గుంజిన. నీ మొదటి ఉత్తరం వచ్చిననాడు గుంజలేదనుకున్నవా? ఆనాడు గుంజిన. సగం దాక గుంజి ఇడిచిపెట్టిన. కొస చూసే ధైర్యం లేకపాయె. ఈసారి కొసదాక గుంజిన. జానెడు మేర బురద ఎండి చెక్క లెక్క అంటుకున్నది. గోటితోటి గీకితే పొడి రాలింది. "బెంజమినూ, ఈ బండి నీళ్లు తాగింది. నా బిడ్డను, మనుమరాలును పట్టాల మీద ఆపింది" అన్న. మా బాపు లెక్క వీధి వీధంత ఇనేటట్టే అన్న.

గ్రేస్ కడుపు మీద చెయ్యి పెట్టుకొని అరుగు మీద కూసున్నది. బెంజమిన్ కొడుతడనుకున్న. కొట్టలే. "మరి పొగ ఎందుకేసినవ్ పెదనాయినా?" అన్నడు. ఇద్దరు లేసి పోయిండ్రు.

ఇంకొకటి గూడ నీకు రాయలే. గేటు సంగతి అయినంక నేను ఆ దుకాణానికి రెండు మాట్ల పోయిన. మొదటిసారి "చూసుకునే కొన్నవు గద సార్" అన్నడు. రెండోసారి సార్ గూడ అనలే. "మీ బామ్మర్ది చెప్తనే ఉండె కద, నువ్వే నవ్వితివి" అన్నడు. వాడు మళ్ల నవ్విండు. నేను తల వంచుకొని వచ్చిన.

తప్పు నోరు దాటింది. కాయితం రాయి.

బావ (రాయనిస్తే)


మహబూబ్‌నగర్, అంజయ్య మంద కాడికెల్లి,
ఆగస్టు 2022

బావా,

రాయనిచ్చిన. గని కోపం పోయిందనుకోకు. దాన్ని జర పక్కకు తిప్పిన, గంతే. తిప్పాల్సిన దిక్కుకు తిప్పిన.

సేటు దుకాణం కాడికి నువ్వు వచ్చేసరికి సగం తమాష అయిపోయింది. ఒట్టు ఉన్నది గనుక ఆడ చెప్పలేకపోయిన. ఇండ్ల రాస్తున్న.

నీ ఉత్తరం చదివిన తెల్లారే బస్సెక్కిన. మీ ఇంటికి రాలే. సీదా బెంజమిన్ ఇంటికి పోయిన. "నేను పరశురాములు బామ్మర్దిని" అంటే తలుపు మూయబోయిండు. "నీకు కోపమున్నది, నాకు నీకంటే ముందుకెల్లి ఉన్నది. రెండు కలుపుదామా?" అన్న. లోపటికెల్లి గ్రేస్ నవ్వింది. తలుపు తెరిచిండు.

తర్వాత నీ చిన్నాయిన కొడుకు అంజయ్య కాడికి పోయిన. మంద బైపాసు చేన్లల్లనే ఉండె. "ఒక్కదినం మంద ఇయ్యి తమ్మీ, ఎరువు ఉచితంగ పెడుదాం" అన్న. సేటు దుకాణం ముంగట ఖాళీ జాగా ఉన్నది కద, అది వానిది గాదు, అడిగితే జాగాయన సంబరపడ్డడు. పొద్దున దుకాణం తెరిచే యాళకు మందను ఆడ ఆపిన. నడుమ ఒక పొడుగు కర్ర పాతి వేపమండలు కట్టిన. మన దిక్కు దాని అర్థం పసిపిల్లకు గూడ తెల్సు. ఈడ రోగమున్నది, దగ్గరికి రాకుండ్రి అని. కర్ర కింద కూసొని కుండల సాంబ్రాణి ఏసి ఊదుకుంట ఉన్న.

బండ్లు చూడొచ్చినోళ్లు ఆగిండ్రు. "ఏం రోగం తాతా మందకు?" అన్నరు.

"మందకేం లేదు బిడ్డా. రోగం ఎనుక దుకాణంల ఉన్నది. పొగ వాసన వస్తలేదా? వాళ్లు లోపట ఏస్తరు, మేం బయట ఏస్తున్నం."

మీదకెల్లి గొర్లు. నీకు తెల్సు కద, గొర్రెకు దుకాణమనీ దేవళమనీ ఉండదు. ఒక పొట్టేలు పోయి వాని ఎర్రకారు బంపరును కొమ్ములతోటి గీరుకున్నది. తుడిచిన నేలంత పెంటికలే. సేటు ఉరికొచ్చిండు.

"ఏయ్, ఇదేం నవ్వులాట?"

"నవ్వులాట కాదు సేటూ. పొద్దున లేస్తే ధూపమేస్తనంటివి కద, సాయం చేస్తున్న."

పోలీసోళ్లను పిలుస్తనన్నడు. "పిలువు, వాళ్లు గూడ పాత బండి కొనాలె కద, వింటరు" అన్న. ఎండ ఎక్కేదాక ఒక్కడు లోపటికి పోలే. గప్పుడు నీకు ఫోన్ చేసిండు వాడు.

తర్వాతది నువ్వు చూసినవు. నేను ముందుగాలే చెప్పిపెట్టినట్టు బెంజమిన్ ట్రాక్టరు మీ ఇంటికెల్లి గుంజుకుంట వస్తాంది, ఎనుక తాడు కట్టిన వెండి కారు, అండ్ల స్టీరింగు పట్టుకొని మా బావ. ఇస్త్రీ అంగీ. నువ్వు దిగంగనే వాడు ఉరికొచ్చి ఏమన్నడు? "సార్, మీరు పెద్దమనిషి. మీ బామ్మర్ది నవ్వులోడని మీరే అన్నరు కద, జర చెప్పుండ్రి" అన్నడు. మళ్ల సార్ అన్నడు.

నిజం చెప్తున్న బావా. మళ్ల వాని దిక్కు నిలబడుతవేమో అనుకున్న.

నువ్వు నా దిక్కు చూసినవు. మాట్లాడనీకి ఒట్టు. రోడ్డంత జనం. రెండు చేతులు నడుము మీద పెట్టుకొని, మెడ చాపి, గొర్రె లెక్క మూడుసార్లు అరిచినవు.

అంజయ్య మంద మందంత నీకు జవాబిచ్చింది. నీ పెండ్లినాడు గూడ గంత సప్పుడు కాలే. బెంజమిన్ ట్రాక్టరు మీదికెల్లి పడబోయిండు. నాకు నవ్వు రాలే. కండ్లల్ల నీళ్లొచ్చినయి. పొగకు.

"ఏం కావాలె మీకు?" అన్నడు సేటు, ముఖం పాలిపోయి. బెంజమిన్ చెప్పిండు, నువ్వు కాదు నేను కాదు. "తాడు నీ చేతికిస్తున్నం. తప్పు చెప్పు." వానికి సమజ్ కాలే. నేను చెప్పిచ్చిన. బానెట్ మీద చెయ్యి పెట్టిచ్చి, నలుగురు ఇనేటట్టు అనిపిచ్చిన. "ఈ బండి నీళ్లు తాగింది. నాకు తెల్సే అమ్మిన." మొదటిసారి గొంతు లేవలే. మంద అరుస్తాంది, ఇనవడలే అన్న. మళ్ల అన్నడు. మూడోసారి బెంజమిన్ ట్రాక్టరు బంద్ చేసిండు, అందరికి మంచిగ ఇనవడ్డది.

బండి వాపస్ తీసుకున్నడు. నీ పైసలు నీకిచ్చిండు. ఊకుంటే వారం పోంగనే వాడు ఇంకో పొగేసి ఇంకొకనికి అంటగడుతడు. అందుకే గొర్ల వీపు మీద పెట్టే ఎర్రరంగు డబ్బ తీసి, బండి నెత్తి మీద, నాలుగు డోర్ల మీద "నీళ్లు తాగింది" అని రాసిన. అక్షరాలు వంకర పోయినయి గని అర్థం వంకర పోలే. ఆ కారు కండ్ల ముంగట తుక్కు లారీ ఎక్కేదాక అంజయ్య మందను తోలలే.

సాయంత్రం గేటు కాడికి పోయి సతీశ్‌ను కలిసిన. ఆయనకొక పొట్టేలు ఇస్తనంటే వద్దన్నడు. పిల్ల మంచిగున్నదా అని అడిగిండు. నువ్వు పోయి చెప్పు.

మొత్తం రాసిన. ఇగ తిట్టుడు బాకీ ఏం లేదు. ఉన్నా నాగరాణి తిడుతది. తిట్టనీ.

ఐలేశం


మహబూబ్‌నగర్,
సెప్టెంబర్ 2022

బామ్మర్దీ,

గేటు కాడికి పోయొచ్చిన. ప్రణీతను తోలుకొని పోయిన. ఆమె సతీశ్ చేతిల ఎర్రజెండ అడిగి తీసుకొని ఊపింది. ఆయన ఇంట్ల చాయ్ తాగినం.

గ్రేస్‌కు ఆడపిల్ల పుట్టింది. నొప్పులు వచ్చిననాడు బెంజమిన్ ఎవ్వరినీ కారు అడగలే, నూట ఎనిమిదికి ఫోన్ చేసిండు. నేను పోయి చూసిన. నన్ను పెదనాయినా అనే పిలిచిండు గని కుర్చీ మాత్రం జర ఆలస్యంగ వేసిండు. వేసిండు గద, చాలు.

నాగరాణి నాతోటి మాట్లాడింది. మొన్న. "ఇంకో బండి చూద్దాం నాయినా, గని మామ వస్తేనే" అన్నది. నేనేమన్న అనకముందే "నీ ఒక్కనితోని మాత్రం గాదు" అన్నది. పడ్డ.

ఒట్టు ఇడిపిచ్చుకుంటనని బీరప్ప గుడికి పోయి కొబ్బరికాయ చేతిల పట్టుకొని నిలబడ్డ. మళ్ల కొట్టకుండనే తెచ్చుకున్న. ఎందుకంటే, నోటితోటి నువ్వు చెప్పిన నిజం నేను ఒక్కసారి గూడ నమ్మలే. కాయితం మీద రాస్తే నమ్మిన, ఆలస్యంగనైనా. ఇంకొన్నాళ్లు ఒట్టు ఉండనీ.

వచ్చే వారం ఒక బండి ఉన్నదట, ఎవరో టీచరమ్మది. ముందుగాలే ఇంజను లేపొద్దని ఫోన్ చేసి చెప్పిన. డిక్కీ తాళం తీసి పెట్టమన్న. నంబరు షోరూముల చూపిచ్చిన. నువ్వు రా. బెల్టులు నేను గుంజుత, కొసదాక. పెడలు రబ్బరు నువ్వు చూడు. ఒక్క మాట మాట్లాడకు.

బండి మంచిగ లేకపోతే గొర్రె లెక్క మూడుసార్లు అరువు. ఎవరు నవ్వినా సరే. నీ పక్కన నిలబడి నేను గూడ అరుస్త.

నీ మ్యా బావ,
పరశురాములు